ఆ రిపోర్టులో ఉన్నది మా వదిన చెప్పిన సగం మాటే

నిన్న పొద్దున స్కూల్లో ఫస్ట్ పీరియడ్ చెబుతుండగా అన్నయ్య ఫోన్ చేశాడు.

"మీ వదిన లేవట్లేదే" అన్నాడు.

నేను ఆటో పట్టుకుని వెళ్లేసరికి డాక్టర్ బయటికి వస్తున్నాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

నాకు ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. మొన్న ఆదివారం చర్చి దగ్గర నా కొత్త చీర చూసి "ఇదేటే, మసిగుడ్డ కట్టుకొచ్చేవు" అని అందరి ముందూ నవ్వించిన మనిషి.

మా గ్రేస్ వదిన. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. రోజూ అనకాపల్లి నుంచి బస్సులో వైజాగ్ వెళ్లి, సముద్రపు నీరు ఏ కాలంలో ఎటు పోతుందో లెక్కకట్టే సైంటిస్టు. కోడలు పడవెక్కి చేపలు పట్టి వస్తోందని మా అమ్మ చాలా కాలం అనుకుంది.

పరికరాలు కావాలని అడిగితే ఆఫీసులో "వచ్చే ఏడాది చూద్దాం మేడమ్" అన్నారట.

వదిన ఆగే రకం కాదు. లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక వెళ్లి కొబ్బరికాయంత చెక్క గుండ్లు చేయించింది. అడుగున బరువు, పైన లక్క రంగు, దాని మీద ఫోన్ నంబరు. పడవలో వెళ్లి వాటిని నీళ్లలో వదిలేది. ఎక్కడ ఒడ్డుకు చేరాయో తెలిస్తే నీరు ఎటు పోయిందో తెలుస్తుంది.

మొదటిసారి ఒక్క ఫోనూ రాలేదు.

నక్కపల్లి వైపు తీరం వెంట ఊరూరా తిరిగితే అప్పుడు తెలిసింది. ఎర్రగా, పచ్చగా మెరుస్తున్న ఆ గుండ్లను పిల్లలు ఆటవస్తువులు చేసేసుకున్నారు. ఒక ఇంట్లో అయితే ఉయ్యాలకి కట్టేశారు. ఏడుస్తున్న చంటిదాని దగ్గర దాన్ని లాక్కోవడం చేతకాక వదిన టీ తాగి వచ్చేసింది.

మళ్లీ ఏటికొప్పాక వెళ్లి "ఈసారి కొంచెం అసహ్యంగా చెయ్యండి బాబూ" అంది. ఆ గుండ్లు చేసే పెద్దాయన ఎంత నొచ్చుకున్నాడో! "అందంగా లేకండా సెయ్యడం మాకు రాదమ్మా" అన్నాడట. ఎలాగో బతిమాలి బురద రంగు వేయించుకొచ్చింది.

ఈసారి ఫోన్లు వచ్చాయి. వదిన ఆనందం చూడాలి!

వేసవిలో వదిలినవి వైజాగ్ వైపు దొరికాయి. వానలు తగ్గాక వదిలినవి కాకినాడ వైపు దొరికాయి. "సముద్రవేటి కాలవనుకున్నారేటే, ఏడాదంతా ఒకేపు పారడానికి?" అనేది నాతో. ఆ ఊళ్లలో ఆమె అందరికీ గ్రేసమ్మే. వాళ్ల పడవలే ఎక్కేది, వాళ్ల ఇళ్లలోనే తినేది.

ఇక ఇక్కడి నుంచి నాకు ఒళ్లు మండుతుంది. అయినా రాస్తాను.

అక్కడ ఒక ఊరి దగ్గర ఫ్యాక్టరీ వచ్చింది. దాని మురుగునీళ్లు సముద్రంలోకి వదలడానికి పైప్‌లైన్ కావాలి. ఊరివాళ్ల అభిప్రాయం వింటామని అక్కడే పబ్లిక్ హియరింగ్ పెట్టారు. వదినతో నేనూ వెళ్లాను.

షామియానా కింద ఫ్యాక్టరీ తరఫున ఒకాయన పైపు గురించిన రిపోర్టు చదివాడు. డాక్టర్ గ్రేస్ గారి పరిశోధన ప్రకారం నీరు వైజాగ్ వైపు పోతుంది, పైపుకి కాకినాడ వైపు ఉన్న ఈ ఊరికి ఏ ఇబ్బందీ ఉండదు అని.

అది వేసవి డేటా. వానల తర్వాతి డేటా కూడా ఆమె ఆఫీసులో ఇచ్చింది. అందులో నీరు తిన్నగా ఊరి ముందుకే వస్తుంది, అదీ వేట బాగా సాగే నెలల్లో. దాన్ని ఫైల్లోనే ఉంచేశారు.

వదిన లేచి అదే చెప్పబోయింది. స్టేజీ మీద ఆఫీసరు నవ్వాడు. "ఒక్క సీజన్ డేటా చాలని రూల్ ఉంది మేడమ్. అయినా ఇది మీ డేటానే కదా!"

ఆమె ఇంకా మాట్లాడుతుండగానే వేరే పేరు పిలిచారు.

వెనక వరుసలోంచి నూకాలు అనే పెద్దావిడ వచ్చి వదిన చెయ్యి పట్టుకుంది. "మా పడవెక్కేవు, మా ఇంట కూడు తిన్నావు. మా నోట్లోనే మట్టి కొట్టేవా తల్లీ?"

బస్సులో అనకాపల్లి వచ్చేదాకా వదిన అర్జీ రాస్తూనే ఉంది.

ఆ రిపోర్టులో నా పేరు తీసెయ్యండి, లేదా రెండో సగం కూడా పెట్టండి అని తిరగని ఆఫీసు లేదు. హైదరాబాద్‌లో ఒక పెద్దాయన ఏసీ గదిలో కాఫీ ఇచ్చి మరీ చెప్పాడట, "సైన్స్ మీ పని మేడమ్, పాలసీ మా పని" అని.

పైపు వేశారు. వానలు తగ్గాక ఆమె చెప్పినట్టే నీరు తిరిగింది. వలలు కంపు కొడుతూ పైకొచ్చాయి. ఆ ఊళ్లో ఇప్పటికీ ఆ పైపు పేరేంటో తెలుసా? గ్రేసమ్మ పైపు.

అన్నయ్యా, నువ్వు వద్దన్నా ఇది రాస్తున్నాను. వదినని చంపింది ఆ పేరే. డాక్టర్ ఏం రాసుకున్నా సరే.

నిన్న సాయంత్రం ఆ ఫ్యాక్టరీ వాళ్లు పూల చక్రం పంపారు. "మా పర్యావరణ మార్గదర్శికి" అట. తీసుకెళ్లి కాలవలో పారేశాను.

ఆ ఊరి నుంచి ఎవరూ రాలేదు. వదినని తన పడవలో తిప్పిన అప్పారావుకి ఫోన్ చేస్తే "ఊళ్లో సెప్తాను లెండి" అని పెట్టేశాడు. వాళ్లని నేనేమీ అనను. వాళ్ల చోట నేనున్నా రాను.

కానీ మీలో ఎవరికైనా అటువైపు చుట్టాలుంటే, దయచేసి ఇది వాళ్లకి చదివి వినిపించండి. ఆమె వాళ్లని అమ్ముకోలేదు. మిగతా సగం చెప్పడానికి చచ్చేదాకా తిరిగింది.

ఇవాళ సాయంత్రం ప్రార్థన, తర్వాత సమాధి. ఆమె మనుషులైతే రండి. స్పీచులిచ్చే పెద్దలు మాత్రం రావద్దు.

వెళ్లిరా వదినా. చెప్పేది చివరిదాకా వినే దేవుడి దగ్గర ఇకనైనా ప్రశాంతంగా ఉండు.