ముందు వాగుంది, చూసుకో

మా బాబాయికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. కళ్ళెదుట ఉన్నదాన్ని కళ్ళెదుట ఉందని చెప్పకుండా ఉండలేడు. గడప దగ్గరికి వస్తే "గడప ఉంది" అంటాడు. మెట్లెక్కుతుంటే "మెట్లు" అంటాడు. మంచినీళ్ళ గ్లాసు చేతికిస్తూ "నీళ్ళు, నిండుగా ఉన్నాయి" అంటాడు. ఆ గోడ కట్టించినవాడే పక్కన నడుస్తున్నా సరే, "ముందు గోడ" అని పరిచయం చేస్తాడు.

బాబాయి బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆ మాట వినగానే కొత్తవాళ్ళు ఓహో అదా సంగతి, స్టాపుల పేర్లు అరిచి అరిచి అలవాటు పడిపోయాడు పాపం అని సరిపెట్టుకునేవారు. అసలు విషయం దానికి సరిగ్గా తలకిందులు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బాబాయి నోరు విప్పి ఎరగడు. స్టాపు వచ్చిందని చెప్పడు. దిగాల్సినవాళ్ళు దాటిపోయి, తర్వాతి స్టాపులో దిగి, సామాన్లు మోసుకుంటూ వెనక్కి నడిచేవారు. ఫిర్యాదులు వెళ్ళాయి. నోటికేమైందయ్యా అని పై అధికారి పిలిచి అడిగితే దానికీ జవాబు చెప్పలేదట. "అన్నేళ్ళ మాటలూ మూటగట్టి దాచుకున్నారు, రిటైరయ్యాక ఆ మూట తెచ్చి మా నడింట్లో విప్పారు" అనేది పిన్ని.

నేను అప్పట్లో వాళ్ళ మేడ మీద గదిలో ఉండేవాణ్ణి కాబట్టి ఆ మూటలో నాకూ వాటా వచ్చింది. ఒకసారి ఆయన్నీ పిన్నినీ సినిమాకి తీసుకెళ్ళాను. హాల్లో అడుగు పెట్టగానే "చీకటి" అన్నాడు. తర్వాత "హీరో వచ్చాడు", "ఏడుస్తోంది", "వాన" అంటూ సినిమా మొత్తం మాకు విడమర్చి చెప్పాడు. ముందు వరసలో ఆయన వెనక్కి తిరిగి, మేం కూడా అదే సినిమా చూస్తున్నామండీ అని మర్యాదగానే మనవి చేసుకున్నాడు. "ఇటు తిరిగాడు" అని బాబాయి అది కూడా మాకు చెప్పాడు.

ఇలాంటి మనిషిని వెంటబెట్టుకుని ఏ బుద్ధిమంతుడూ అడవికి వెళ్ళడు. మేం ప్రతి ఆదివారం వెళ్ళేవాళ్ళం.

అడవి అంటే పెద్దగా ఊహించుకోకండి. బస్సు ఆఖరి స్టాపులో దిగి, ఇటుకల బట్టీ పక్కనుంచి మట్టిదారి పట్టి, దున్నిన చేను గట్టు మీదుగా మేకల దొడ్డి దాటితే వస్తుంది. ఇంత కష్టపడి వచ్చాం కదా అని మేం దాన్ని అడవి అనేవాళ్ళం. ఈ చివర నిలబడి తుమ్మితే ఆ చివర మేకలు తలెత్తి చూసేవి. కానీ లోపలికి వెళితే మాత్రం వేరే లోకం. ఎత్తైన చెట్లు, కింద మెత్తటి ఆకుల పరుపు, మధ్యలో ఒక వాగు, దాని మీద రెండు చెక్కలు వేసిన వంతెన. ఊళ్ళో ఎక్కడా దొరకని నిశ్శబ్దం అక్కడ దొరికేది. బాబాయి వచ్చేదాకా.

మా జట్టులో బాబాయి, పిన్ని, నేను కాక ఇంకో ఇద్దరు ఉండేవారు. ఒకాయన మా వీధిలో ఫొటో స్టూడియో నడిపేవాడు. బతుకంతా పాస్‌పోర్టు ఫొటోలే అయినా ఆయన మనసంతా పిట్టల మీద ఉండేది. ఆయన షాపు అద్దాల వెనక, బావమరిది కొడుకు ఏడుస్తున్న ఫొటో ఒకటి పెద్దది చేసి పెట్టి ఉండేది. అది తీసేసి అక్కడ లకుముకి పిట్ట ఫొటో పెట్టాలని ఆయన కోరిక. ఆ పిట్ట వాగు మీదికి వాలిన కొమ్మ మీద కూర్చునేది. ఆయన ఊపిరి బిగబట్టి కెమెరా ఎత్తేవాడు. "అదిగో పిట్ట" అనేవాడు బాబాయి. ఆ రకంగా ఆయన దగ్గర బోలెడు కొమ్మల ఫొటోలు పోగయ్యాయి. అన్నీ పిట్ట అప్పుడే వదిలి వెళ్ళిన కొమ్మలు.

రెండో ఆయన బాబాయికి చిన్ననాటి స్నేహితుడు. చాలాకాలం వాచీలు బాగుచేసే దుకాణం నడిపాడు కాబట్టి అందరూ వాచీలాయన అనేవారు. ఈ రోజుల్లో వాచీలు ఎవడు బాగు చేయించుకుంటున్నాడు, పాడైతే పారేస్తున్నారు అని దుకాణం మూసేశాడు. ఇస్త్రీ చొక్కా, వెనక్కి కట్టుకున్న చేతులు, చురకత్తి లాంటి నాలుక. బాబాయి వాగుడు మీద అందరికంటే ఎక్కువ విసుక్కునేది ఆయనే. "వీడు పుట్టినప్పుడు మంత్రసానికి కూడా మంచం ఉంది చూసుకో అని చెప్పుంటాడు" అనేవాడు. అయినా సరే, నడిచేటప్పుడు ఎప్పుడూ బాబాయికి సరిగ్గా వెనకాలే నడిచేవాడు. అదేమిటండీ అంటే, వీణ్ణి అదుపులో పెట్టడానికి ఎవరో ఒకరు దగ్గర ఉండాలి కదా అనేవాడు. ఆయన అదుపులో పెట్టడం మాత్రం మేమెప్పుడూ చూడలేదు. "వేరు ఉంది. రాయి. ఎడమ పక్క ముళ్ళు. కొమ్మ, తల వంచు" అని బాబాయి ముందు నడుస్తుంటే, "ఆపరా బాబూ" అని సణుగుతూ ఆయన వెనక నడిచేవాడు.

ఇలా ఉండగా ఒక వానాకాలంలో బాబాయి గొంతు బొంగురుపోయింది. డాక్టరు లైటు వేసి చూసి, లోపల బాగా వాచిందని, తను చెప్పేదాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదని, మాట్లాడితే గొంతు మళ్ళీ రాకపోయినా రాకపోవచ్చని బెదిరించాడు. పిన్ని ఈ వార్తను వీధి వీధంతా చెప్పుకొచ్చిన తీరు చూస్తే ఇంట్లో ఏదో శుభకార్యం అనుకోవాలి. స్టూడియో ఆయన అయితే విన్న వెంటనే కొత్త ఫిల్ము కొన్నాడు.

ఆదివారం దగ్గర పడేకొద్దీ బాబాయికి కాలు నిలవలేదు. వెళ్ళొద్దని సైగలు మొదలుపెట్టాడు. పైకి చూపించి వేళ్ళు ఆడించాడు. వానలు పడ్డాయి, వాగు పొంగి ఉంటుంది అని ఆయన భావం. హార్మోనియం నేర్చుకోవాలని ఉందేమో అన్నాడు స్టూడియో ఆయన. బాబాయి కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు. పిన్ని అరుగుదల మాత్ర ఇచ్చింది. చివరికి నన్ను వెంటబెట్టుకుని వాచీలాయన ఇంటికి వెళ్ళి, ఆయన ఎదుట నిలబడి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు, దణ్ణం పెట్టాడు. ఆయన చలించలేదు.

"ఏరా, వచ్చి పలకవేం?" అన్నాడు.

నేను డాక్టరు సంగతి చెప్పాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. తర్వాత, "అయితే ఈ వారం తప్పకుండా రావాల్సిందే. వీడు మాట్లాడని అడవి ఎలా ఉంటుందో మళ్ళీ తెలుసుకునే భాగ్యం ఉండదు" అన్నాడు.

అడవిలో అడుగు పెట్టాక మొదటిసారి మాకు అడవి వినిపించింది. ఆకుల మీద చినుకులు జారడం, ఎక్కడో వడ్రంగిపిట్ట చెట్టుని కొట్టడం. ఈ స్వర్గంలో బాబాయి ఊరికే ఉండలేదు. చేతికర్రతో ప్రతి వేరునీ టక్కు టక్కుమని కొట్టుకుంటూ నడిచాడు. స్టూడియో ఆయన ఓపిక పట్టి పట్టి ఆ కర్ర లాక్కున్నాడు. బాబాయి దగ్గడం మొదలుపెట్టాడు. గొంతుకి మంచిది కాదని పిన్ని కోప్పడింది. బాబాయి వెళ్ళి వాచీలాయన చెయ్యి పట్టుకున్నాడు. ఆయన విదిలించుకున్నాడు. "నేనేం పసిపిల్లాణ్ణా" అన్నాడు. ఇక గత్యంతరం లేక బాబాయి రాలిన ఆకులన్నీ కాళ్ళతో చరచరా తన్నుకుంటూ నడిచాడు. మాట పోతే మనిషి ఇంత సందడి చేయగలడని మేం అనుకోలేదు. వాగు దగ్గర పడుతుండగా స్టూడియో ఆయన చేతులు జోడించి, మీకు పుణ్యం ఉంటుంది, మీరు అందరికంటే వెనక రండి అని బతిమాలి బాబాయిని చివరికి పంపించాడు.

లకుముకి పిట్ట ఉంది. కొమ్మ చివర కూర్చుని నీళ్ళలోకి చూస్తోంది. స్టూడియో ఆయన చెయ్యెత్తి అందరినీ ఆగమన్నాడు. మేం ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోయాం. ఆయన బురదలో బోర్లా పడుకుని కెమెరా కన్నుకి ఆనించాడు. వానకి వాగు ఎర్రగా పొంగి పారుతోంది. వంతెన మీది రెండు చెక్కలూ కొట్టుకుపోయాయి. అయినా ఎవరికీ దాని మీద ధ్యాస లేదు. అందరి చూపూ పిట్ట మీదే.

మా పక్కనుంచి వాచీలాయన చేతులు వెనక్కి కట్టుకుని, ఆదివారం షికారుకి వచ్చిన పెద్దమనిషిలాగా, తాపీగా నడిచి ముందుకి వెళ్ళాడు.

"ఆగరా! ముందు వాగు, చెక్కల్లేవు!"

అంత గట్టిగా బాబాయి ఏనాడూ అరవలేదు. పిట్ట ఎగిరిపోయింది. స్టూడియో ఆయన ఏదో అనబోతూ బురదలోంచి లేచాడు. పిన్ని అయ్యో గొంతు అని వెనక్కి తిరిగింది. అప్పుడు చూశాం. వాచీలాయన గట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. రెండో కాలు గాలిలో ఉంది. పక్కనే, కళ్ళెదుటే ఉన్న కొమ్మ కోసం ఆయన చెయ్యి గాలిలో తడుముతోంది. ఇటు వెతికింది, అటు వెతికింది. బాబాయి పరుగెత్తుకెళ్ళి ఆ కొమ్మ వంచి ఆయన చేతికి అందించాడు. భుజం పట్టుకోలేదు, రెక్క పట్టుకోలేదు. కొమ్మ అందించి పక్కకి తప్పుకున్నాడు.

వాచీలాయన చొక్కా సవరించుకుని, "చెట్లు మరీ ఒత్తుగా పెరిగిపోయాయి ఇక్కడ" అన్నాడు.

అవునన్నాడు స్టూడియో ఆయన. ఈ ఏడు వానలు ఎక్కువ కదా అన్నాను నేను. అంతకుమించి ఎవరం ఏమీ అనలేదు. కానీ ఇంటికి వెళ్ళాలి, బాబాయి గొంతు పూర్తిగా పోయింది, దారి నిండా వేర్లూ రాళ్ళూ ఉన్నాయి.

మొదట గొంతు విప్పింది పిన్ని. "ఇక్కడ రాయి ఉంది, అబ్బ ఎంత పెద్దదో" అంది ఎవరితోనూ కాకుండా. కాస్త దూరం వెళ్ళాక, "బురద. మా చెల్లెలి ఇంటి ముందు కూడా ఇంతే, ఎంత చెప్పినా మట్టి పోయించుకోరు" అంది. స్టూడియో ఆయన అందుకున్నాడు. "కొమ్మ వస్తోంది, గడ్డం కొంచెం దించండి, ఆ, అలాగే ఉండండి" అన్నాడు. నేను కూడా చేతనైనంత సాయం చేశాను గానీ కంగారులో కుడి ఎడమలు తారుమారు చేశాను. వాచీలాయన రెండుసార్లు ముళ్ళపొదలోకి వెళ్ళొచ్చి, "వీడి కంటే ఆ కండక్టరే నయం" అన్నాడు.

ఇంటికి వచ్చాక పిన్ని బాబాయి ముందు కూర్చుంది. డాక్టరు మాట పక్కనబెట్టి, ఇది ఎన్నాళ్ళనుంచి అని అడిగింది. బాబాయి గుసగుసగా, ఆగి ఆగి చెప్పాడు. రిటైరైన కొత్తలో ఒక మధ్యాహ్నం దుకాణానికి వెళ్ళాడట. వాచీలాయన కంటికి భూతద్దం పెట్టుకుని స్క్రూ కోసం బల్లంతా తడుముతున్నాడట. స్క్రూ ఆయన ముందే, తెల్లకాగితం మీద ఉంది. బాబాయి చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాడు. ఆయన తనంతట తాను చెప్పలేదు, బాబాయి అడగలేదు.

"సరే, అడవిలో ఆయనకి చెప్పారు, బాగానే ఉంది" అంది పిన్ని. "మరి నాకెందుకు, పెళ్ళైనప్పట్నుంచి నేను దాటుతున్న గడపని రోజూ చూపించడం?"

"వాడొక్కడికే చెబితే వాడికి తెలిసిపోతుంది" అన్నాడు బాబాయి. "అందరికీ చెబితే నాకు పిచ్చి అనుకుంటారు. అనుకుంటే ఏం పోయింది?"

పిన్ని లేచి వేడినీళ్ళు కాచి తెచ్చి, గ్లాసు ఆయన చేతిలో పెట్టింది. "వేడిగా ఉన్నాయి, నిండుగా ఉన్నాయి" అంది.

బాబాయి గొంతు వానలు వెనకబట్టాక తిరిగొచ్చింది. కొంచెం జీర ఉండిపోయింది కానీ పనికి లోటు లేదు. పైగా ఇప్పుడు ఆ పనికి నలుగురం ఉన్నాం. మళ్ళీ అడవికి వెళ్ళిన రోజు మేం చేసిన సందడికి దొడ్డిలో మేకలన్నీ లేచి నిలబడ్డాయి. రాయి అని ఒకరు, అది రాయి కాదు వేరు అని ఒకరు. వాచీలాయన మధ్యలో మహారాజులాగా నడుస్తూ, ఈ ఊళ్ళో పిచ్చి అంటువ్యాధి అయిపోయిందని సణుగుతున్నాడు.

వాగు మీద ఎవరో కొత్త చెక్కలు వేశారు. కొమ్మ మీద లకుముకి పిట్ట ఉంది. ఇంత గోలకీ అది కదల్లేదు. మా గోలకి విసిగి విసిగి చివరికి రాజీ పడినట్టుంది. స్టూడియో ఆయన ఫొటో తీసుకున్నాడు. అబ్బ, ఏం రంగు, ఏం రంగు అని తనలో తను అనుకున్నాడు.

"ఏం రంగు?" అన్నాడు వాచీలాయన.

అందరం ఆగిపోయాం. ఇన్నేళ్ళలో ఆయన నోటివెంట అలాంటి ప్రశ్న రావడం అదే మొదలు. ఆయన మొహం మామూలుగానే ఉంది. చేతులు మాత్రం వెనక్కి కట్టుకుని లేవు. ఒక చెయ్యి బాబాయి భుజం మీద ఉంది.

పిన్ని నీలం అంది. స్టూడియో ఆయన, నీలం ఏమిటమ్మా, పచ్చ, రంగుల సంగతి నాకు తెలీదా అన్నాడు. అటు నుంచి చూస్తే నీలం, ఇటు నుంచి చూస్తే పచ్చ అన్నాను నేను. పొట్ట దగ్గర ఇటుక రంగు కూడా ఉందని పిన్ని ఇంకో పేచీ పెట్టింది. మాటా మాటా పెరిగింది. బాబాయి మాత్రం చాలాసేపు పరీక్షగా చూసి, "పిట్ట రంగు" అని తీర్పు చెప్పాడు.

వాచీలాయన అంతా ఓపిగ్గా విన్నాడు.

"రేపు నేను కళ్ళ డాక్టరు దగ్గరికి వెళుతున్నాను" అన్నాడు. "మీరు కూడా రండి. నాకంటే ముందు మిమ్మల్ని చూడమని చెబుతాను."