సొర పాదుకు పోసిన బూడిద

పోయిన నెల ఒక మంగళవారం కావలి నుంచి కార్డు వచ్చింది. రెండే వాక్యాలు. పెద్దమ్మ చనిపోయిందనీ, పదకొండో రోజుకు రమ్మనీ. చావు కబురు తెచ్చిన కార్డు ఇంట్లో ఉంచుకోకూడదని మా అత్తగారు చించెయ్యమన్నారు. నాకు చేతులు రాలేదు. దాన్ని పట్టుకుని వసారాలోనే కూర్చుండిపోయాను. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చాక గానీ లేవలేదు.

పెద్దమ్మ అంటున్నానే గానీ మాకు చుట్టరికం లేదు. బిట్రగుంట రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్‌లో ఉండేది. ఆమె భర్త, నేను పెద్దనాన్న అని పిలిచే ఆయన, ఇంజను డ్రైవరు. మా ఆయన లోకో షెడ్డులో ఫిట్టరు. యాభై తొమ్మిది ఎండాకాలంలో, పెళ్లయిన మూడో నెలలో నేను అక్కడికి కాపురానికి వెళ్లాను. మాది కొడవలూరు దగ్గర పల్లె. చుట్టూ కాలవలు, వరిచేలు. బిందెడు నీళ్లకు విలువుంటుందని పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా నాకు తెలియదంటే నమ్మండి.

కాలనీలో కుళాయి పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. మొదటి రోజే నేను బియ్యం కడిగిన నీళ్లు పెరట్లో దర్జాగా పారబోశాను. గోడ అవతల నుంచి ఒక తల పైకి లేచింది.

“ఏంది అమ్మణ్ణీ, బంగారం మాదిరి కడుగు నేలపాలు చేసినావు? ఇట్లియ్యి, నా బెండ మొక్కలు తాగతాయి.”

అదే మా పరిచయం.

ఆమె ఇంట్లో నీళ్లు ఒక్కసారి వాడి వదిలేయడమన్నది లేదు. కూరగాయలు కడిగిన నీళ్లు గోంగూరకు, గిన్నెలు తొలిచిన నీళ్లు అరటికి. అన్నం తిన్నవాళ్లెవరైనా సరే, స్టేషను మాస్టరు గారైనా సరే, వంగ మొక్క దగ్గరికి వెళ్లి చెయ్యి కడుక్కోవలసిందే. పాత కుండకు అడుగున చిల్లి పొడిచి, అందులో గుడ్డపీలిక దూర్చి, మెడ దాకా పాదులో పాతిపెట్టేది. దాని నిండా నీళ్లు పోస్తే రెండు రోజులు వేరుకు చెమ్మ అందేది. కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టేది. నేను ఎండను నోటికొచ్చినట్టు తిడుతుంటే నవ్వేది. “దాన్ని తిట్టబాక మే. దాని పని అది చేస్తా ఉండాది. మన పని మనం చూసుకుందాం,” అనేది.

వంట కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అంతకు ముందు నాకు వచ్చిందల్లా తినడమే. ఎండాకాలం పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసి, నిమ్మాకు నలిపి వేసి, ఉల్లిపాయ పక్కన పెట్టి పెద్దనాన్నను డ్యూటీకి పంపేది. సొరకాయ లేతదైతే పాలు పోసి కూర, కాస్త ముదిరితే పులుసు. చెక్కిన తొక్క కూడా పారేయకుండా నువ్వులు వేయించి పచ్చడి నూరేది. జువ్వలదిన్నె నుంచి చేపలామె వచ్చి తట్ట దించిన రోజు మామిడికాయ వేసి పులుసు పెట్టేది. ఆ వాసనకు నేను గోడ దగ్గరే తచ్చాడేదాన్ని. “ఈ పూట అడగబాక. రేపు పొద్దున రా, అప్పుడు తెలుస్తాది రుచి,” అని మూత పెట్టేసేది.

ఇక ఆ సొర పాదు సంగతి. వంటింటి గోడకు ఆనించి పందిరి వేసి దాని మీదికి పాకించింది. ఆ నీడకు ఆమె వంటిల్లు మా వంటింటి కన్నా చల్లగా ఉండేది. కానీ ఆమెకు అది నీడ కోసమో కాయల కోసమో కాదు. ఆమెకు ఒక్కతే కూతురు. ఏడేళ్లప్పుడు విషజ్వరంతో పోయింది. ఆ ఏడాదే ఆ పిల్ల తన చేత్తో ఒక సొర గింజను గోడవార గుచ్చిందట. ఆ పాదు కాసిన కాయల్లో ఒకదాన్ని పెద్దమ్మ ఎండబెట్టి, గింజలు తీసి మరుసటి ఏడు నాటింది. అలా ఏటేటా. కాయలు కాలనీ అంతా పంచేది గానీ ఒక్క గింజ ఎవరికీ ఇచ్చేది కాదు.

నేను వెళ్లిన మూడో ఎండాకాలం ఆ గింజలకు పురుగు పట్టింది. మిగిలినవన్నీ నాటితే మొలిచింది ఒక్కటే. దానికి విత్తనం కోసమని ఒక కాయ వదిలిపెట్టింది. అది ఇంకా పచ్చిగా ఉండగానే, తమ్ముడికి జబ్బు చేసిందని అల్లూరు నుంచి కబురొచ్చింది. పెరడు నాకు అప్పజెప్పి వెళ్లింది. “నీళ్లు కుండలో పొయ్యి. వారానికి గుప్పెడు బూడిద చల్లు. ఆ విత్తనం కాయను మాత్రం ముట్టుకోబాక,” అంది.

ఆమె చెప్పింది కట్టెల పొయ్యి బూడిద. నాకేమో బూడిదంటే బూడిదే. గుప్పెడు వేస్తేనే మంచిదైతే తట్టెడు వేస్తే ఇంకెంత మంచిదో అనుకున్నాను. షెడ్డు వెనక బొగ్గు ఇంజన్ల నుంచి దించిన బూడిద కుప్పలుండేవి. ఇనపతట్ట నిండా తెచ్చి పాదు మొదట్లో గుమ్మరించి, పైన మట్టి కప్పి, నా తెలివికి నేనే మురిసిపోయాను. తట్ట చేతికి చురుక్కుమంటే ఎండకు కాలిందనుకున్నాను. ఇంజను బూడిద పైన చల్లారినా లోపల నిప్పుంటుందని కాలనీలో పిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియలేదు.

మర్నాటికి ఆకులు వేలాడిపోయాయి. మూడో రోజు విత్తనం కాయ తొడిమ ఊడి కింద పడింది. కోసి చూస్తే గింజలు ఇంకా పాలు పట్టి ఉన్నాయి, నాటినా మొలవవు. బూడిదంతా తవ్వి మురుగు కాలవలో పోశాను. ఏడ్చాను. ఆ తర్వాత అబద్ధం సిద్ధం చేసుకున్నాను.

“వడగాలి పెద్దమ్మా. ఒక్క రోజులో కాల్చేసింది,” అన్నాను ఆమె రాగానే.

ఆమె పాదు దగ్గర కూర్చుని వేళ్లతో మట్టి కదిపింది. కాలిన బొగ్గు పెళ్ల ఒకటి చేతికొచ్చింది. దాన్ని చాలాసేపు చూసింది. “వడగాలే అయ్యుంటాది లే,” అని లేచి లోపలికి వెళ్లింది. ఆ రోజు వాళ్లింట్లో పొయ్యి వెలగలేదు.

మరుసటి ఎండాకాలం మళ్లీ ఊరెళుతూ పెరడు నాకే అప్పజెప్పింది.

“నాకా పెద్దమ్మా?” అన్నాను.

“నీకు కాక ఎవురికి?” అంది. అని, కాసేపు నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నేను కుళాయి వస్తుందని బిందె తీసుకుని తప్పించుకున్నాను.

పెద్దనాన్న రిటైరయ్యాక వాళ్లు కావలిలో రైలుకట్ట పక్కన ఇల్లు తీసుకున్నారు. బిట్రగుంట నుంచి కావలి ఎంత దూరం? ఏటా ఎండాకాలంలో వెళ్లేదాన్ని. ఈసారి చెప్పేయాలని దారి పొడుగునా మాటలు కూర్చుకునేదాన్ని. బయల్దేరేటప్పుడు ఆమె గుమ్మం దగ్గర నిలబడి “ఇంకేం సంగతులు మే?” అని అడిగేది. “ఏముంటాయి పెద్దమ్మా,” అని వచ్చేసేదాన్ని. పిరికిదాన్ని.

పదకొండో రోజు అందరూ వెళ్లాక పెద్దనాన్న వసారాలో ఒక్కడే ఉన్నాడు. వెళ్లి కింద కూర్చున్నాను.

“పెద్దనాన్నా, ఆ సొర పాదు...”

“తెలుసమ్మా. ఇంజను బూడిద పోసినావు.”

“పెద్దమ్మకూ తెలుసా?”

“మట్టి కదిపిన రోజే తెలిసె. మూడు రోజులు ఏడిచింది. మళ్లీ తనే అనుకునింది, తెలిసి చేసిందా ఆ బిడ్డ అని. నువ్వు వచ్చి పోయినప్పుడంతా నాతో అనేది. ‘ఈ తూరి కూడా చెప్పలేదు. పాపం, ఇంకా మోస్తా ఉండాది. నేనుగా అడిగితే సిగ్గుతో చచ్చిపోతాది’ అని. మొన్న జ్వరంలో కూడా అనింది, ‘ఎండాకాలం వస్తాది గదా, ఈ తూరి చెప్తాది లే’ అని.”

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఆపమనలేదు. కొంతసేపటికి, “నాకు చెప్పమ్మా. నేనింటా,” అన్నాడు.

చెప్పాను. తట్ట ఎక్కడ దొరికిందో, ఎంత మట్టి కప్పానో, ఆమెతో ఏమని అబద్ధమాడానో, అన్నీ. మధ్యలో ఇంటి వెనక కట్ట మీద ప్యాసింజరు పెద్దగా కూత పెట్టి వెళ్లింది. ముప్ఫై ఏళ్లు ఇంజను మీద బతికిన మనిషి, అటు తల తిప్పలేదు.