ఎందుకు చెప్పలేదు వాడు?

ఆత్మకూరులో మా బడి పిల్లలు మధ్యాహ్నం అన్నాలు తిని కంచాలు కడుక్కుంటున్నప్పుడు ఉదయగిరి నుంచి ఫోన్ వచ్చింది. మా మేనత్త పోయింది. పొద్దున పాలు కాచిందట. గుండెలో పట్టేసినట్టు ఉందని మంచం మీద వాలిందట. ఆటో వాకిట్లోకి తెచ్చేలోపే అయిపోయిందట. ఫోన్ చేసింది ఆమె బావగారి కొడుకు. ఆ ఆటో అతనిదే. "వదినా, చిన్నమ్మ ఇంక లేదు" అని, "బస్సు దిగినాక ఫోన్ చెయ్యి, నేనొస్తా" అన్నాడు.

బస్సులో కూర్చున్నాక నా ఫోన్‌లో ఆమె గొంతు ఉందని గుర్తొచ్చింది. ఎన్నో వాయిస్ మెసేజీలు. అన్నీ ఒక టీవీ సీరియల్ గురించినవే. పోయిన మనిషిని తలుచుకుంటూ సీరియల్ కబుర్లేమిటని మీకు అనిపించవచ్చు. కానీ మా మేనత్త తన జీవితంలో అడగవలసిన ఒకే ఒక మాటను ఆ సీరియల్ అడ్డం పెట్టుకునే అడిగింది. అందుకని దాన్ని వదిలిపెట్టి ఆమె గురించి చెప్పడం నాకు చేతకాదు.

ఏళ్ళ తరబడి నడుస్తున్న దెయ్యం సీరియల్ అది. ఒక బంగళాలో చిన్నకోడల్ని ఇంట్లోవాళ్ళే బావిలోకి తోసి చంపేస్తారు. ఆమె దెయ్యమై వచ్చి ఒక్కొక్కరి పని పడుతుంటుంది. ఉదయగిరి బడిలో పని చేసిన రోజుల్లో నేను మా మేనత్త ఇంట్లోనే ఉండేదాన్ని. సాయంత్రం ఆ పాట మొదలవగానే పక్కింటి టైలరమ్మ చేతికుట్టు పని పట్టుకుని వచ్చేది. అత్త చేటలో చింతపండో, వేరుశనక్కాయలో పెట్టుకుని నేలమీద కూర్చునేది. గోడవారన నవారు మంచం మీద పెదమామ, అంటే ఆమె బావగారు, కూర్చునేవాడు. ఆయనకు చూపు తగ్గిపోయింది. ఎక్కువగా వినడమే.

ప్రకటనలు రాగానే అత్త టీవీ గొంతు నొక్కేసేది. అప్పుడు మొదలయ్యేది అసలు సంగతి. ఎవరు ఏం చేశారన్నది ఆమెకు పట్టేది కాదు. ఎందుకు చేశారన్నదే కావాలి. ఒకసారి సీరియల్లో ఆ చచ్చిన కోడలి అత్తగారు బావి గట్టున దీపం పెడుతుంటే టైలరమ్మ, "నాటకాలు! చంపింది తనే, దీపం పెట్టేదీ తనే" అంది.

"నాటకం కాదు" అంది అత్త. "బయపడి పెట్టేవాళ్ళు దీపం పెట్టి వెంటనే వెనక్కి తిరుగుతారు. ఈమె చూడు, వత్తి అంటుకున్న దాకా నిలబడింది. ఏందో బాధ ఉండాది లోపల."

మధ్యలో దెయ్యం వేషం వేసే అమ్మాయి మారిపోయింది. టైలరమ్మకు, నాకు చాలా రోజులు మింగుడుపడలేదు. అత్త మాత్రం పట్టించుకోలేదు. "చచ్చినోళ్ళ మొకం మనకు మాత్రం అట్నే ఉంటాదా? మెల్లిగా మారిపోతాది. నాకు మీ మామ మొకం ఇప్పుడు సరిగ్గా రాదు" అంది, శనక్కాయలు ఒలుస్తూనే.

మా మామది దుత్తలూరు అవతల మెట్ట ఊరు. గొర్రెలు కాసేవాడు. ఊళ్ళో ఒక పెద్ద కుటుంబం మందలు మేసే బయలుకు కంచె వేసుకుంది. అందరూ మందల్ని మళ్ళించుకుపోయారు. మా మామ కంచె పీకి గొర్రెల్ని లోపలికి తోలాడు. కొన్నాళ్ళకు వంకలో రాళ్ళ మధ్య శవమై దొరికాడు. కాలు జారి పడ్డాడన్నారు. కాగితాల మీదా అదే రాశారు. అప్పటికి అత్తకు పెళ్ళయి ఎంతో కాలం కాలేదు, పిల్లలు లేరు. పెదమామ ఉన్న గొర్రెలన్నీ అమ్మేసి, భార్యాబిడ్డల్నీ అత్తనూ వెంటబెట్టుకుని ఉదయగిరి వచ్చేశాడు. ఊరెందుకు వదిలారని ఎవరైనా అడిగితే వానల్లేవు అనేవాడు.

మా నాయన వెళ్ళి పుట్టింటికి రమ్మని పిలిచాడు. "నేను ఈడనే ఉంటాను అన్నా" అందట. ఎందుకో చెప్పలేదట. పెదమామ భార్య పోయాక ఆయనకు వండి పెట్టడం, మాత్రలివ్వడం, పంచెలు ఉతకడం అన్నీ అత్తే చేసేది. కానీ మాట్లాడేది కాదు. తమ్ముడి భార్య బావగారితో ఎదురుగా మాట్లాడటం మా ఇళ్ళలో లేదు. ఆయన మూరెడు దూరంలో ఉన్నా, "పాపా, అన్నం పెట్టినానని చెప్పు" అని నాతో అనేది. నేను చెప్పేలోపే ఆయన లేచి కంచం దగ్గరికి వచ్చేవాడు. అది మర్యాద అనుకున్నాను. అందరం అలాగే అనుకున్నాం.

సీరియల్లోనూ ఒక బావగారు ఉండేవాడు. కోడల్ని బావిలోకి తోస్తుంటే మేడమీది కిటికీలోంచి చూసి, తలుపు వేసుకున్నవాడు. పెళ్ళీ పెటాకులూ లేకుండా ఆ బంగళాలోనే పడి ఉంటాడు. టైలరమ్మకు వాడంటే అసహ్యం. అత్త మాత్రం వాడు తెరమీదికి వచ్చినప్పుడల్లా చేటలో పని ఆపేసేది. వాడు నీళ్ళు తాగుతున్నా, మెట్లెక్కుతున్నా అలాగే చూసేది.

ఒక వారం వాడి వంతు వచ్చింది. దెయ్యం వాడి గదిలోకి వచ్చి నిలబడింది. అక్కడ ప్రకటనలు.

"ఇయ్యాల వాడి పని అయిపోతాది చూడత్తా" అంది టైలరమ్మ. "చంపేస్తాది."

"చంపదు."

"ఏం? అంతా చూసి నోరు మూసుకున్నోడు. తోసినోళ్ళకంటే వాడే పాపిష్టోడు."

"చంపితే ఆమెకేం వస్తాది? ఎవురు తోసినారో ఆమెకు తెలుసు. నేను చూసినానని వాడు నోరు తెరిచి చెప్పాల. అది వినేదానికే ఆమె ఆ ఇల్లు వదల్లా. చూస్తా ఉండు, అడుగుతాది."

దెయ్యం అడగలేదు. పైనుంచి పెద్ద దీపాల గుత్తి తెంపి వాడి నెత్తిన పడేసింది. వాడు చచ్చాడు, ఉరుములు ఉరిమాయి, పాట వచ్చింది. టైలరమ్మ చప్పట్లు కొట్టింది.

అత్తకు అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "తప్పు! తప్పు రాసినారు" అంది. "ఇన్నేళ్ళు కనిపెట్టుకోని ఉండి, అడక్కండా చంపేస్తాదా?" టీవీ ఆపేసింది. చేట పక్కన పెట్టింది. నవారు మంచం వైపు తిరిగి, "బావా" అంది.

ఆ ఇంట్లో నేనున్నన్నాళ్ళూ ఆ పిలుపు వినలేదు. పెదమామ తల ఎత్తాడు.

"నువ్వు చెప్పు బావా. ఎందుకు చెప్పలేదు వాడు?"

ఆయన మోకాళ్ళ మీద చేతులు రుద్దుకున్నాడు. "బయం" అన్నాడు చివరికి.

"ఎవురంటే?"

"వాళ్ళంటేనే. వాళ్ళు చూసినారు నన్ను. చూసి, ఏమీ అనలా. ఊరికే చూసినారు." కొంచెం ఆగి, "పిలకాయలు చిన్నోళ్ళు" అన్నాడు.

సీరియల్లో బావగారికి పిల్లలు లేరు.

టైలరమ్మ సూది గుడ్డలోనే ఉండిపోయింది. నాకు అర్థమవడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక ఎటు చూడాలో తెలియలేదు. అత్త లేచి లోపలికి వెళ్ళి, అన్నం కలిపి తెచ్చి, కంచం ఆయన చేతికే ఇచ్చింది. ఆయన తినలేకపోయాడు. ఆమె అలాగే నిలబడింది. ఆఖరికి తిన్నాడు.

తర్వాతి ఆదివారం అత్త ఆయన్ని తీసుకుని మా మామ పోయిన ఆ మెట్ట ఊరికి బయల్దేరింది. నన్ను తోడు రమ్మంది. పెదమామ కొడుకు ఆటో తోలాడు. తండ్రి ఏం చూశాడో, ఎవరి కోసం నోరు మూసుకున్నాడో అతనికి అప్పటికి చెప్పారో లేదో నాకు తెలియదు. మట్టిబాట దగ్గర ఆటో ఆపి, తను అక్కడే ఉండిపోయాడు. ఒకప్పటి బయలు ఇప్పుడు నిమ్మతోట. తోట వారనే నడిచాం. పెదమామ కర్రతో తడుముకుంటూ వెళ్ళి, ఒక పెద్ద రాతిగుండు దగ్గర ఆగాడు.

"ఈడ" అన్నాడు. "ఈడ కొట్టినారు. ఆనక వంకలోకి మోసకపోయినారు."

"నువ్వు యాడుండావు?"

ఆయన కర్ర ఎత్తి మిట్ట వైపు చూపించాడు. పిలిస్తే వినపడేంత దూరం.

"పిలిచినాడా?" అంది అత్త.

పెదమామ తల వంచుకున్నాడు.

"ఎవుర్ని పిలిచినాడు బావా?"

"అన్నా అన్నాడు."

అత్త ఆ గుండు మీద అరచెయ్యి ఆనించింది. ఎండకు అది కాలుతుండాలి. చెయ్యి తియ్యలేదు. ఏడుస్తుందేమోనని దగ్గరికి వెళ్ళాను. ఏడవలేదు. చాలాసేపటికి, "పదండి, ఎండెక్కతా ఉండాది" అని ముందు నడిచింది.

ఇంటికి వచ్చాక స్టేషన్‌కి వెళదామా అని అడిగాను. "పోయి ఏం చెప్పేది పాపా? కొట్టినోళ్ళలో ఒకడు చచ్చినాడు, ఒకడు మంచానపడి మనుషుల్నే గుర్తుపట్టడంట. ఈయన మాట ఇప్పుడు ఎవురింటారు?" అంది. ఏ కేసూ కాలేదు. ఆ నిమ్మకాయలు ఇప్పటికీ లారీలకెక్కుతున్నాయి.

ఇంకో మాట కూడా అడిగాను. "ఆయన్ని క్షమించావా అత్తా?"

"లేదు" అంది, కొంచెం కూడా తడుముకోకుండా.

"మరి ఎందుకింత చేస్తావు ఆయనకు?"

ఆమె మా మామ గురించి నాతో అంత మెత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు. "మీ మామ ఆఖరి మాట విన్న చెవులు ఈ లోకంలో ఈయనవే పాపా. ఈయన పోతే ఆ మాట గూడా పోతాది. ఉండనీ, ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు."

ఆ తర్వాత ఆమె పెదమామతో నేరుగానే మాట్లాడేది. "బావా, తిను." "బావా, మాత్ర." అంతే, అంతకు మించి లేదు. నాకు ఆత్మకూరు బదిలీ అయింది. సీరియల్ మాత్రం ఆగలేదు. అయిపోగానే అత్త ఫోన్‌లో మాట్లాడి పంపేది. టైలరమ్మ ఏమంది, తనేమంది, ఎవరి మనసులో ఏముందో. చంపవలసినవాళ్ళంతా చచ్చాక కూడా దెయ్యం ఆ బంగళా వదలకపోతే చూసేవాళ్ళు విసుక్కున్నారు. సీరియల్ సాగదీయడానికే అని నేనూ అన్నాను. అత్త ఒప్పుకోలేదు. "సాగదీసేదని తెలుసులే. అయినా పోయేదానికి ఆమెకు ఇంకో చోటు ఉండొద్దా? పగ తీరినంత మాత్రాన పుట్టింటోళ్ళు పిలుస్తారా, మొగుడొచ్చి తీసకపోతాడా?" అంది. మనిషి చేసిన పని చూసి ఆగిపోకుండా, దాని వెనక ఇంకొంచెం దూరం నడవడం నాకు ఆమె దగ్గరే అలవాటైంది. బడిలో పిల్లవాడెవడైనా మొండికేస్తే ఇప్పటికీ ముందు చెయ్యెత్తను, ఎందుకని చూస్తాను. అది ఆమె పెట్టిన భిక్షే.

నేను వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. "దేవత లాంటి మనిషి, బావగారిని కన్నతండ్రి మాదిరి చూసుకుంది" అంటున్నారు. టైలరమ్మ నా వైపు చూసింది. నేనూ ఆమె వైపు చూశాను. ఆమె దేవత కాదు. క్షమించలేని మనిషికి రోజూ అన్నం పెట్టి, నిజం వినేదాకా కనిపెట్టుకుని కూర్చున్న మనిషి. ఆ బరువు ఎంతటిదో తెలియనివాళ్ళు మంచితనం అనేసి తేలిగ్గా వెళ్ళిపోతారని ఇదంతా రాస్తున్నాను.

మా వైపు ఆడవాళ్ళు వీధి చివరి వరకే వెళతారు. మగవాళ్ళు ఆమెను పూడ్చిపెట్టి తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. నేను వాకిట్లో డ్రమ్ము పక్కన నిలబడి ఒక్కొక్కరి చేతుల మీద, కాళ్ళ మీద నీళ్ళు పోస్తున్నాను. పెదమామను కొడుకు ఆటోలోంచి దించి నా దగ్గరికి నడిపించుకొచ్చాడు.

"అందరూ మన్నేసినారు వదినా. నాయన మాత్రం పిడికిలి తెరవలా. ఎంత చెప్పినా ఇనలా" అన్నాడు మెల్లిగా.

"మామా, ఆ చెయ్యి పట్టు" అన్నాను.

ఆయన పిడికిలి చాపాడు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. గుంతలో వెయ్యవలసిన మట్టి చెమటకు ముద్దయి అరచేతిలో అలాగే ఉంది. నేను నీళ్ళు పోశాను. మట్టి కరిగి వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా కారసాగింది. పెదమామ ఆ చూపు ఆనని కళ్ళతో కిందికి వంగి, రెండో చేతిని దాని కింద దోసిలిలా పట్టుకుని, ఒక్క చుక్క కూడా నేలమీద పడకుండా ఆపాలని చూస్తున్నాడు.