నాలుగో వరుస, ఏడో నంబరు

మందమర్రిలో చాయ్ గ్లాసులు చిన్నవైపోతున్నాయి. ధర పెంచితే జనం గొడవ చేస్తారని హోటళ్ళవాళ్ళు గ్లాసు అడుగును మందం చేస్తూ వస్తున్నారు. ఇలాగే సాగితే కొన్నాళ్ళకు ఉత్త గాజు చేతికిచ్చి చాయ్ వాసన చూపిస్తారు. ఒక శుక్రవారం పొద్దున ఈ విషయం మీద నేను ఇంట్లో ఉపన్యసిస్తూ, వినేవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయిన సమయంలో, పక్క క్వార్టర్ అక్క ఫోన్ పట్టుకొని వచ్చింది.

అక్క అంటే సొంత అక్క కాదు. ఊళ్ళు తిరిగి పిల్లలకు సూదులు వేసి రిటైరైన నర్సమ్మ. ఆమె వెనకే తమ్ముడు. దుబాయిలో డ్రైవరు, నెల సెలవు మీద వచ్చాడు. ఇద్దరి ముఖాలు చూస్తే చాలా మాట్లాడుకున్నారని, ఇక మాట్లాడదలచుకోలేదని తెలుస్తోంది.

"తమ్మీ, గీ ఫోన్ల మా చర్చి సైటు తెరుసుకుంటలేదు. జర చూడు."

నేను డిగ్రీలో చదివింది వృక్షశాస్త్రం. కానీ ఒకసారి వాళ్ళింట్లో వైఫైని ఆపి మళ్ళీ వేసినందుకు కాలనీలో నాకు కంప్యూటర్ మనిషి అన్న పేరొచ్చింది. ఆ పేరు నిలుపుకోవడం పెద్ద కష్టం కాదు. చేతికిచ్చిన ప్రతిదాన్నీ ఆపి మళ్ళీ వేస్తే చాలు.

సంగతి ఏమిటంటే, వాళ్ళ నాన్నది మట్టి సమాధి. మీద పెట్టిన కర్ర సిలువను చెదలు తినేశాయి. తమ్ముడు కరీంనగర్ నుంచి పేరు చెక్కించిన నల్ల గ్రానైట్ పలక తెచ్చాడు. ఆదివారం ఆరాధన కాగానే నాటాలి, మంగళవారం అతని విమానం. అయితే ఎక్కడ నాటాలన్నదే చిక్కు. అక్క ఏటా ఈస్టర్ ముందు రోజు ఒక సమాధికి సున్నం వేస్తుంది, మర్నాడు తెల్లవారుతుండగా అక్కడ కొవ్వొత్తి వెలిగిస్తుంది. నిన్న ఆమె వెంట వెళ్ళి చూసిన తమ్ముడు, అది బాపుది కానే కాదన్నాడు.

"బాపుది నీళ్ళ బాయి దిక్కు ఉండె అన్నా. నేనే మట్టి పోసిన."

"మట్టి పోసి దుబాయ్ పోయినవ్. పదకొండేండ్ల సంది సున్నమేసేది ఎవలు? నాలుగో వరుస, ఏడో నంబరు అని అవ్వ పోయేముందు నా చెయ్యి పట్టుకొని చెప్పింది."

పాస్టర్లు బదిలీల మీద వచ్చి పోయేవాళ్ళు, వాళ్ళకు తెలియదు. తీర్పు చెప్పగలిగింది ఆ వెబ్‌సైటే. సండే స్కూల్ నడిపిన ఒక పెద్దమనిషి, రిజిస్టరులో చెదలు వదిలినంత మేరకు టైపు చేసి, ఎవరు ఏ వరుసలో ఉన్నారో అందులో పెట్టాడు. కొన్నాళ్ళకు ఆయన పేరు కూడా ఆ పట్టికలో చేరవలసి వచ్చింది. చేర్చేవాళ్ళు లేరు.

అక్క దాచుకున్న లింకు నొక్కితే ఎర్ర గుర్తుతో హెచ్చరిక వచ్చింది.

"వైరస్సా అన్నా?"

"కాదు. పాత సైటు."

లింకు మొదట్లో హెచ్‌టీటీపీ పక్కన ఒక ఎస్ ఉంది. దారిలో ఎవరూ చదవకుండా కాపాడే ఏర్పాటు ఉన్న సైట్లకు ఆ ఎస్ ఉంటుంది, ఈ సైటుకు ఆ ఏర్పాటు లేదు. చేత్తో చెరిపాను. బ్రౌజర్ మళ్ళీ చేర్చింది. మళ్ళీ చెరిపాను. దానికి నాకంటే ఓపిక ఎక్కువ.

"గిది కవర్ల పెట్టిన చిట్టి కాదక్కా, పోస్టు కారటు. తొవ్వల ఎవలన్న సదువుతరని వద్దంటుంది."

"సదువనియ్యి. మా బాపు సచ్చిండని అందరికి ఎరుకే."

బ్రౌజర్ చేసినవాళ్ళకు ఈ జవాబు తట్టి ఉండదు.

సెట్టింగుల్లో భద్రత అన్నచోట, ఎప్పుడూ సురక్షితమైన కనెక్షనే వాడాలన్న మీట వేసి ఉంది. పోయినేడు ఎవరో లింకు పంపి మోసం చేయబోతే భయపడి అక్కే వేసుకుందట. ఆపాను. మూల నుంచి 'సురక్షితం కాదు' అని సణుగుతూనే, పేజీ వచ్చింది.

"పేరు, నంబరు, ఓటీపీ ఏం కొట్టద్దు. సదువుకొని బయటికచ్చుడే. మీట మల్ల ఎయ్యాలె," అన్నాను.

పసుపు రంగు మీద నీలం అక్షరాలు. ఆ పేజీ మమ్మల్ని ఏమీ అడగలేదు. గట్టి తాళాలున్న సైట్లు అంతకుముందే నా పేరు, పుట్టినరోజు, నేనెక్కడ నిలబడ్డానో అడిగి తెలుసుకున్నాయి. అలాగని హెచ్చరిక అబద్ధమూ కాదు. దారిలో ఎవరైనా నాలుగును అయిదు చేసి ఉంటే నాకు తెలిసే వీలు లేదు. చేసేవాడికి ఏం లాభమో మాత్రం ఊహకందలేదు.

నాలుగో వరుస, ఏడో నంబరు. ఎదురుగా వాళ్ళ బాపు పేరు.

అక్క తమ్ముడి వైపు తిరిగింది. "సదివినవా? ఇంక మాట్లాడు."

నేను ఫోన్ తిరిగి ఇచ్చేయవచ్చు. కానీ పట్టిక కింద ఇంకో వాక్యం సగం కనిపిస్తోంది. 'గమనిక' అన్న మాట చూశాక ఆగడం నాకు చేతకాదు. బొటనవేలితో పైకి తోశాను.

గమనిక: రోడ్డు వైపు గేటు కొత్తగా పెట్టినది. వరుసలు నీళ్ళ బావి వైపు నుండి లెక్కించవలెను.

అక్క కళ్ళజోడు సవరించుకొని రెండుసార్లు చదివింది. ఆమె ఇన్నేళ్ళూ గేటు నుంచి లెక్కపెట్టింది. పట్టికలో ఉన్నవి పన్నెండు వరుసలు, గేటు నుంచి నాలుగోదంటే బావి వైపు నుంచి తొమ్మిదో వరుస. పట్టికలో తొమ్మిదో వరుస, ఏడో నంబరు దగ్గర ఒక ఆడమనిషి పేరుంది, వయసు డెబ్బై అని ఉంది. ఆ పేరు మా ముగ్గురిలో ఎవరమూ ఎప్పుడూ వినలేదు.

గెలిచిన తమ్ముడి ముఖంలో గెలిచినవాడి కళ లేదు.

"పోనియ్యే అక్కా," అన్నాడు. "ఆమెకు ఎవలు లేకుండె కావచ్చు."

అక్క నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. కొంగుతో తెర తుడిచి, నా వైపు చూసింది.

"కిందికి జరుపుమని నిన్ను ఎవలడిగిండ్రు?"