వాయించకుండా అరిగిన గిటారు

"...అరగడమంటే వాయిస్తే అరగాలి బామ్మర్దీ, ఉప్పుకాగితం పెట్టి రుద్దితే కాదు. కట్టుడు పళ్ళు కట్టీ కట్టీ ఆ డాక్టరుకి కట్టుడు అరుగుదల మీద కూడా మోజు పుట్టిందా?"

"ఆయన డబ్బు, ఆయన గిటారు. నీకేం నొప్పి బావా? ఇలాంటివి ఇంకో పది తెప్పిస్తానన్నాడు. నీకు కుదరదంటే చెప్పు, ఆ స్టూలు మీద ఇంకొకడిని కూచోబెట్టుకుంటా."

ఆ స్టూలు మీద కూర్చోవడం మొదలుపెట్టి బావకి పంతొమ్మిదేళ్ళు. అంతకుముందు హోటల్ బ్యాండులో బేస్ గిటారు వాయించేవాడు. బ్యాండు మూతపడ్డాక భార్య పోరు పడలేక ఆమె తమ్ముడి గిటార్ల కొట్లో రిపేర్లకి కుదురుకున్నాడు. ఊళ్ళో వాళ్ళకి ఆయన నాలుగు తీగలాయన.

ఆయన బేస్ పాతకాలపు నమూనా. ఒక చెక్క, దానికి రెండు కొమ్ములు, నాలుగు తీగలు. వాటి కింద రెండు ముక్కలుగా చేసి ఒకటి ఎగువన, ఒకటి దిగువన పెట్టిన, తీగల అదురుని పట్టే అయస్కాంతం డబ్బాలు. మోత హెచ్చించి తగ్గించుకోవడానికి రెండు గుబ్బలు. ఆ నమూనా గీసినవాడు అక్కడితో చెయ్యి కడుక్కున్నాడు. ఆ తర్వాత దానికి మెరుగులు దిద్దబోయిన ప్రతి మేధావీ నవ్వులపాలయ్యాడు. గబ్బిలంలాంటివి వచ్చాయి, గొడ్డలిలాంటివి వచ్చాయి, ఆరు తీగలతో బట్టలారేసుకునే దండెంలాంటిదీ వచ్చింది. అన్నీ రెండేళ్ళు తిరక్కుండా ఆయన బల్ల మీదికే చేరాయి, లోపల పేగుల్లా చిక్కుపడ్డ వైర్లతో.

ఇప్పుడు పళ్ళ డాక్టరు ఆ పాత నమూనాలోనే కొత్తది కొన్నాడు. ముప్ఫై ఏళ్ళు వాయించినట్టు కనబడాలట. నాలుగు తీగలాయన ముట్టుకోనన్నాడు. దాంతో బావమరిదే నడుం బిగించాడు. ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు ఆయన బేసే భుజాన తగిలించుకుని, అద్దం ముందు నిలబడి ఫోటో తీసుకున్నాడు. ఫోటోలో మెడ ఎటు ఉంటే కొత్త గిటారునీ అటే పడుకోబెట్టాడు. ఎక్కడ రంగు పోయి కనబడిందో అక్కడ రెండు రోజులు చెమటోడ్చి రుద్దాడు. అద్దంలో కుడి ఎడమవుతుందనీ, దాంతో తన ముందున్న గిటారు పై అంచు కిందికి పడిందనీ ఆ బుర్రకి తట్టలేదు.

డాక్టరు వచ్చి, స్పీకరుకి వైరు తగిలించి సిద్ధంగా పెట్టిన గిటారుని చూసి మురిసిపోయాడు. "అబ్బ, ఎంత సహజంగా ఉందండీ!"

నాలుగు తీగలాయన పక్కున నవ్వాడు. "తగిలించుకోండి డాక్టరుగారూ. చెయ్యి ఎక్కడ ఆనుతోందో చూసుకోండి."

డాక్టరు తగిలించుకున్నాడు. మోచెయ్యి పై అంచున మెరుస్తున్న కొత్త రంగు మీద ఆనింది. రుద్దిందంతా కింద, తొడ పక్కన ఉంది.

"ముప్ఫై ఏళ్ళు శీర్షాసనం వేసి వాయించారన్నమాట," అన్నాడు నాలుగు తీగలాయన.

బావమరిది ముఖం కందగడ్డయింది. "దానిదేముందండీ, పైన కూడా రుద్దించేస్తా. బావా, కాగితం అందుకో. ఇప్పుడు రుద్దావా సరే, లేదా రేపటి నుంచి రాకు."

డాక్టరు బిక్కమొహం వేసుకుని, ఏం చెయ్యాలో తోచక, బొటనవేలితో లావు తీగ లాగి వదిలాడు. తీగ పట్టుకోవడం కూడా రాని ఆ చేతి కిందనుంచి స్వరం నిండుగా, గుండ్రంగా వచ్చి అలమరా అద్దాలని వణికించింది. మూర్ఖుడి చేతిలోనూ అది మూర్ఖంగా మోగదు. అంత స్వరం అలాంటి చేతికి ఊరికే దొరికినందుకు నాలుగు తీగలాయనకి ఒళ్ళు మండింది. డాక్టరు మాత్రం నోరు తెరిచి, ఇంకోసారి లాగాడు. ఆ తర్వాత ఇంకోసారి.

"దీన్ని నేర్చుకోవచ్చంటారా, ఈ వయసులో?" అని అడిగాడు.

నాలుగు తీగలాయన స్టూలు మీద నుంచి లేచాడు. ఉప్పుకాగితం తీసి బావమరిది చేతిలో పెట్టాడు.

"సోమవారం నుంచి రోజూ సాయంత్రం మీ ఇంటికి వస్తాను డాక్టరుగారూ. ఇక్కడికి రాను."