కళ్లు తెరవని అమ్మ

మా అన్న మద్రాసుకు పోయి శిల్పం చదివి వచ్చాడంటే మొదటి రోజు నుంచీ నాకు నమ్మకం లేదు. రాతిపని మా ఇంటి విద్య. నాయన బతుకంతా విగ్రహాలు చెక్కుతూనే గడిచింది. ఇంట్లో ఉన్న విద్యకు అంత దూరం పోవడం ఏమిటని నా అనుమానం. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఎర్రగుంట్లలో రైలు దిగి ట్రంకుపెట్టెతో ఇల్లు చేరిన అన్న కొత్త మాటలు చెప్పాడు. శిల్పానికి కొలతలు అక్కర్లేదట. సగం రాయిలో ఉంటే చాలు, మిగతా సగం చూసేవాళ్ల మనసులో పూర్తవుతుందట. పని ఎగ్గొట్టడానికి ఇంతకంటే మంచి మాట దొరకదనుకున్నాను.

అమ్మ పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆమె ఫోటో ఒక్కటీ లేదు. సంవత్సరీకానికి అమ్మను చెక్కుతానని అన్న పెరట్లో కూర్చున్నాడు. నల్లరాయి నాయనే ఏరి ఇచ్చాడు. నాకూ ఆశ పుట్టింది. కొలతలు లేకపోతే పోనీ, అమ్మ మొహం మళ్లీ చూస్తే చాలనుకున్నాను.

పని అయిందని అన్న గుడ్డ తీశాడు. వంగిన వీపు, ముందుకు చాచిన చెయ్యి. మొహం ఉండాల్సిన చోట నున్నటి రాయి.

"అమ్మ యాడుండాదన్నా ఇందులో?" అని అడిగాను.

ఇప్పటి కళ ఇట్లాగే ఉంటుందన్నాడు. ఆడలేక మద్దెల ఓడని, మొహం చెక్కడం చేతకాక కళ పేరు చెబుతున్నావని ఎదురుగానే అనేశాను. కోపం తీరక తడి చీర తెచ్చి దాని మీదే ఆరేశాను.

మా పనిలో కళ్లు చెక్కి తెరవడం ఆఖరున. అంతవరకూ విగ్రహం రాయి కిందే లెక్క, దాని మీద కాలు పెట్టి కూడా చెక్కుతారు. కళ్లు తెరిచే రోజు నాయన ఉపవాసం ఉండి, తొలిచూపు మనిషి మీద పడకుండా ఎదురుగా అద్దం పెట్టేవాడు. అప్పటి నుంచి అది దేవత, ఆయనైనా దండం పెట్టాల్సిందే. అందుకే కళ్లే లేని ఈ రాయిని నాయన ఒప్పుకోడని నేను ధీమాగా ఉన్నాను. అన్నకూ అదే భయం. నాయన దీన్ని వట్టి రాయంటే మద్రాసు పోతానని, మళ్లీ ఈ గడప తొక్కనని చెప్పాడు.

సాయంత్రం నాయన వచ్చి చీర తీసి దండెం మీద వేశాడు. రాయి చుట్టూ తిరిగి చూశాడు. మొహం ఉండాల్సిన చోట చేత్తో తడిమాడు. అన్నే దిగివచ్చి సన్న ఉలి అందించాడు.

"కండ్లు పెడ్తాలే నాయనా. ఎట్లుండాలో నువ్వు చెప్పు."

నాయన ఉలి పట్టుకుని నున్నటి రాయి దగ్గరకు వంగాడు. చెక్కకుండానే ఉలి కింద పెట్టేశాడు.

"ఎట్లుండెనో నాకే తెల్దురా. సంగటి పెడ్తా వంగిందే చూసినా. తల ఎత్తమని ఒగనాడన్నా అంటినా? ఇట్లే ఉండనీ."

అన్న ఏడ్చాడు. సంవత్సరీకానికి ఆ రాయి ముందు దీపం పెట్టారు. వచ్చినవాళ్లంతా అన్న పనిని మెచ్చుకున్నారు. తెలియనిచోట నున్నగా వదిలేస్తే అది కళ అవుతుందా అని నాకు ఇప్పటికీ అనుమానమే. అంతమంది అమ్మవార్లకు కళ్లు తెరిచిన నాయన చేతి మీద కూడా ఆ రోజే నమ్మకం పోయింది.

అమ్మ కళ్లు నాకు తెలుసు. పొయ్యి పొగకు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, నన్ను చూసి నవ్వితే చిన్నవయ్యేవి. వాళ్లిద్దరిలో ఒక్కరూ నన్ను అడగలేదు.