ప్యానెల్‌కు మూడు రోజుల సెలవు

పాంగ్ పిన్ని పొద్దున్నుంచి పదిసార్లు నిచ్చెన ఎక్కింది. చలికాలంలో మా కొండ మీదికి మబ్బు దిగిందంటే వారాల తరబడి లేవదు. ఎక్కి కప్పు మీది సోలార్ ప్యానెల్‌ను తలగుడ్డతో తుడుస్తుంది, దిగి గుడ్లు పొదిగే పెట్టె మీద చెయ్యి పెట్టి చూస్తుంది, మళ్ళీ ఎక్కుతుంది. వేసవిలో మధ్యాహ్నానికే నిండే బ్యాటరీ ఇప్పుడు సాయంత్రమైనా సగం కావడం లేదు.

పెట్టెలో నలభై రెండు నల్లకోడి గుడ్లు, తొమ్మిది ఇళ్ళవాళ్ళవి. చిన్నాన్న పోయాక పిన్నికి ఆ పెట్టే ఆధారం. పోయిన చలికాలం మబ్బు పట్టి పెట్టె చల్లారిపోయింది, ఒక్క పిల్ల లేవలేదు. ఈసారీ అలాగే అయితే ఊళ్ళో ఇంకెవరూ ఆమె చేతికి గుడ్డు ఇవ్వరు.

నీళ్ళ దగ్గర పక్కింటి చావ్ ఊరుకోలేదు. "పాంగూ, మా గుడ్లు బతికున్నాయా, ఈసారీ పాతరేశావా?"

"ఇంకో మూడు రోజులు ఆ నోరు కట్టేసుకో అక్కా," అంది పిన్ని. నవ్వలేదు.

మా హ్మోంగ్ తెగ ఇళ్ళలో ఏడాది చివరి రోజున పనిముట్లన్నిటికీ కాగితం అంటిస్తాం. నాగలికి, పారకి, కొడవలికి, తిరగలికి. మూడు రోజులు వాటికి విశ్రాంతి, ఎవరూ ముట్టుకోరు. ఆ సాయంత్రం అన్నిటికీ అంటించాం. మర్నాడు పొద్దున నిచ్చెన ఎక్కిన పిన్ని కేక పెట్టింది. ప్యానెల్ నడిమధ్య అరచేతులంత పసుపు కాగితాలు రెండు.

అంటించింది తాత. నిచ్చెన పట్టుకుంది నేను. ఆకు పడినా కరెంటు బాగా తగ్గిపోతుందని ప్యానెల్ బిగించినతను చెప్పిన మాట నాకు గుర్తుంది. నోటిదాకా వచ్చింది, అనలేదు.

"మామయ్యా, దీనికెందుకు పెట్టావు?" అంది పిన్ని.

"నాగలికి పెట్టి దీనికి మానేస్తే చిన్నబుచ్చుకోదూ? ఏడాదంతా వానలో ఎండలో నిలబడింది. పార కంటే ఎక్కువే కష్టపడింది."

"పార మీద నలభై రెండు ప్రాణాలు లేవు!"

"అయితే పీకు. నేనేం చెయ్యి పట్టుకున్నానా?"

పిన్ని వేలు కాగితం అంచు దాకా వెళ్ళింది. చాలాసేపు అక్కడే ఉంది. నాగలి మీది కాగితమైతే ఆమె పీకేది కాదు, మరి దీన్నెలా పీకుతుంది? చివరికి చెయ్యి వెనక్కి తీసుకుంది.

మధ్యాహ్నానికి బ్యాటరీ దీపం ఎర్రబడింది. పిన్ని గుమ్మం దాకా వెళ్తుంది, వస్తుంది, మళ్ళీ వెళ్తుంది. పొదిగే కోడిని ఎవరినైనా అడుగుదామంటే ఈ మూడు రోజులూ ఒకరింట్లో ఒకరు ఏదీ అడగరు.

తాత పొయ్యి పక్కన జనపనార దుప్పటి పరిచాడు. "మనుషులకి కాగితం అంటించలేదుగా. గుడ్లు ఒళ్ళో పెట్టుకుని పడుకో."

"నేను పడుకుంటే పనెవరు చేస్తారు?"

"ఇదే పని."

గుడ్లను పొట్ట చుట్టూ పేర్చుకుని పడుకుంది. నేను ఊక వేడిచేసి మూటలు కట్టి అందించాను. కాసేపటికోసారి గుడ్లు తిప్పాను. ఆమె మాత్రం ఒక్క క్షణం కుదురుగా లేదు.

"మబ్బు లేచిందా?"

"లేదు పిన్నీ."

"పందికి పెట్టావా?"

"పెట్టాను."

"కాలు కదిపావ్," అంటాడు తాత.

"వేలు మామయ్యా, వేలే."

బయట కొత్త ఏడాది ఆటల్లో కుర్రకారు బంతులు విసురుకుంటున్న కేకలు. ఆ చప్పుడుకి కూడా పిన్ని ఉలిక్కిపడేది. రెండో రోజూ అంతే. గుడ్లు చెవి దగ్గర పెట్టుకుని వినేది, ఏమీ వినపడక మొహం తిప్పుకునేది.

మూడో రోజు మధ్యాహ్నం దుప్పట్లో టిక్ మంది.

అప్పుడే చావ్ గుమ్మంలో నిలబడింది. "ఏమే, పట్టపగలు పడకేశావు? ఒంట్లో బాగాలేదా?"

పిన్ని దుప్పటి అంచు ఎత్తింది. తడిగా, నల్లగా, ముక్కు తెరిచి ఒక పిల్ల. దాని పక్కన ఇంకో పెంకు చిట్లుతోంది.

చావ్ బురద కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చి, పొయ్యి పక్కన కూలబడి ఒడి పరిచింది.

"సగం ఇటియ్యి. నడుం పట్టేసుంటుంది నీకు."